పోయొస్త అన్నాక

మా ఇంట్లో ‘పోత’ అన్న మాటకు చోటు లేదు. పాల ప్యాకెట్ కోసం గల్లీ మలుపు దాకా వెళ్లినా ‘పోయొస్త’ అనే అనాలి. చిన్నప్పుడు బడికి ఆలస్యమై, ఆ హడావుడిలో "అమ్మా, పోత" అని గడప దాటితే అమ్మ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, గల్లీ మొదటి దాకా వచ్చి వెనక్కి పిలిచేది. మళ్లీ ఇంట్లోకి రావాలి, కాసేపు కూర్చోవాలి, ఒక గుక్క నీళ్లు తాగాలి, సరిగ్గా చెప్పి వెళ్లాలి. "పోత అని పోయినోళ్లు మళ్ల రారే, బిడ్డా," అనేది. బడిలో ఆలస్యానికి మరాఠీలో తిట్లు తినేదాన్ని. దాని కారణం మరాఠీలో ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

మాది సోలాపూర్. మా తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గాలు వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు. నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేశాడు. అమ్మ ఇప్పటికీ బీడీలు చుడుతుంది. నేను ఒక తువ్వాళ్ల కంపెనీ ఆఫీసులో కూర్చొని కంప్యూటర్ మీద నెమళ్లు, ఏనుగులు, పూలతీగలు గీస్తాను. వాటిని యంత్రాలు నేస్తాయి. ఏడాదంతా సెలవులు దాచుకొని, ఒకసారి ఏదో ఒక దేశం వెళ్లి వస్తాను. ఒంటరిగా. ఉండడం హాస్టళ్లలో.

ఈ హాస్టల్ అన్న మాట మా గల్లీలో పెద్ద చిక్కు తెచ్చింది. మొదటిసారి బయల్దేరినప్పుడు ఎదురింటి అత్త, "హాస్టల్ల ఉంటవా? ఏందే, మళ్ల సదువు షురూ చేసినవా?" అంది. కాదత్తా, ఊళ్లు తిరిగేవాళ్లు ఉండే హాస్టల్, ఒక్కో గదిలో మంచం మీద మంచం ఉంటుంది, ఎవరి మంచానికి వాళ్లు డబ్బు కడతారు అని చెప్పాను. ఆమె చుడుతున్న బీడీ ఆపి నా మొహంలోకి చూసింది.

"ఎక్టీచ్ పోతవా? కశాలా?"

ఒక్కదానివేనా, ఎందుకు అని. మా అత్తకు అనుమానం వస్తే ఎప్పుడూ మరాఠీలోనే వస్తుంది.

"ఇద్దరు పోతే ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటరత్తా. ఇగ ఊరెవరు చూస్తరు?" అన్నాను.

ఆమె నన్ను వదిలేసి అమ్మ మీద పడింది. "నువ్వెట్ల తోలిస్తున్నవ్ వదినా? ఆడపిల్ల, ఎవ్వరు తోడు లేరు. నీకు నిద్రెట్ల పడ్తది?"

అమ్మ తల కూడా ఎత్తలేదు. "పోయొస్త అన్నది. వస్తది," అంది. అంతే. ఆ రోజు నుంచి నా ప్రయాణాలకు వీసా ఎవరిచ్చినా అనుమతి మాత్రం ఆ ఒక్క మాటే.

నిజం చెప్పాలంటే హాస్టల్ జీవితానికి నాకంటే తగినవాళ్లు ఉండరు. ఒకే గదిలో ఎనిమిది మంది ముక్కూమొహం తెలియనివాళ్లు ఎలా పడుకుంటారని ఆఫీసులో అడుగుతారు. కొంతం చౌక్ దగ్గర మా పాత ఇంట్లో ఒకే గదిలో ఏడుగురం పడుకునేవాళ్లం. అందరి ముక్కూమొహం తెలుసు కాబట్టి ఇంకా కష్టం. గోడ అవతల కార్ఖానా. రాత్రీపగలూ పవర్‌లూమ్‌ల టకటక. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఏమైందో అని ఉలిక్కిపడి లేచేవాళ్లం. అలాంటి దాన్ని, పక్క మంచం మీద ఎవరో గురక పెడితే నాకేం? గది మొత్తం చెవుల్లో దూది పెట్టుకొని దొర్లుతుంటే నేను హాయిగా నిద్రపోతాను.

హాస్టళ్లలో ఇంకొకటి కూడా నాకు నచ్చుతుంది. కలిసినవాళ్లు ముందు ఏ ఊరు అంటారు, ఎన్ని రోజులు తిరుగుతున్నావంటారు, ఇక్కణ్నుంచి ఎక్కడికి అంటారు. పెళ్లయిందా, జీతమెంత, మీదే కులం అని మా గల్లీలో ముందు అడిగే మూడు ప్రశ్నలూ అక్కడ ఎవరూ అడగరు. ఆ ఊరట మీద ఆశతోనే సగం తిరుగుతున్నానేమో. వంటగదిలో కలిసి కూరలు తరుగుతారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు, తెల్లారి ఒక ‘బై’ చెప్పి సంచీ భుజాన వేసుకుంటారు. మళ్లీ కలిసేది ఉండదు. కలవమని ఇద్దరికీ తెలుసు. మొదట్లో అది నాకు కొంచెం కష్టంగా ఉండేది. తర్వాత అలవాటైంది. కానీ ఆ ‘బై’ మాత్రం నా నోట రాలేదు. నేను ‘పోయొస్త’నే ముక్కకు ముక్క ఇంగ్లీషులోకి తిప్పి "ఐ గో అండ్ కమ్" అనేదాన్ని. అందరూ నవ్వి చెయ్యి ఊపేవాళ్లు. ఇన్నేళ్లలో ఎవరూ దాని అర్థం అడగలేదు.

ఒక్కామె నమ్మింది.

అది వియత్నాంలో హుయే అనే ఊరు. ఆడవాళ్ల గదిలో నా కింది మంచం ఆమెది. పోలండ్ మనిషి, అరవై దాటినామె, భారీ మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. ఉద్యోగమంతా వాళ్ల ఊళ్లో ట్రామ్ నడిపిందట. "అన్నేళ్లూ ఒకే పట్టాల మీద తిరిగాను. ఇప్పుడు పట్టాలు లేని చోటికి పోతున్నాను," అంది. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషులాగే, ఉన్నంతలో సర్దుకునేది. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. నేను సోలాపూర్ నుంచి తెచ్చుకున్న కడక్ రొట్టె, పల్లీల పొడి ఆమె ముందు పెట్టాను. అప్పడంలా విరిగే ఆ జొన్నరొట్టెను ఆమె పటపటా విరుచుకొని తిని, ఇది బిస్కెట్టా అని అడిగింది. కాదు, అన్నం అన్నాను. ఇంకోటి తీసుకుంది.

మర్నాడు వానకు తడిసిన మెట్ల మీద ఆమె జారింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీలమండ దగ్గర ఎముక చిట్లిందని కట్టు కట్టి, కాలు కింద పెట్టొద్దన్నారు. హాస్టల్ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి మంచిది, కింది అంతస్తులో రెండు మంచాల గది తెరిచి మా ఇద్దరినీ అందులోకి మార్చింది. నేను వెళ్లాల్సిన తేదీ ఇంకా రాలేదు కాబట్టి ఉన్నన్ని రోజులూ ఆమెను చూసుకున్నాను. ఇందులో గొప్పేమీ లేదు. మా గల్లీలో ఎవరు మంచాన పడ్డా వాళ్లింటి పొయ్యి వెలగాల్సిన పని ఉండదు. స్నానానికి సాయం చేశాను, అన్నం తెచ్చాను, తలకు నూనె పెట్టాను. జుట్టు పొట్టిది కాబట్టి జడ వేయలేదు గానీ నూనె మాత్రం వదల్లేదు. నూనె వద్దని ఆమె పోలిష్‌లో ఏదో గట్టిగానే అంది. నేను తెలుగులో ఊరుకోబెట్టాను.

నేను బయల్దేరే రోజు వచ్చింది. ఆ ప్రయాణమంతా నేను పెట్టుకున్నది తర్వాతి ఊరి కోసమే. హోయ్ ఆన్ దగ్గర ఒక పెద్దావిడ ఇంకా చేతిమగ్గం మీద పట్టు నేస్తుందనీ, ముందే మాట్లాడుకుంటే పక్కన కూర్చోబెట్టుకొని నేర్పిస్తుందనీ తెలిసి, నెలల ముందే ఆమెతో రోజు ఖాయం చేసుకున్నాను. మా తాత గుంతమగ్గం మీద నేసేవాడు. నేను పుట్టేనాటికి ఆ గుంత పూడ్చి, దాని మీద గచ్చు చేసేశారు. ఆ గచ్చు మీదే నేను పాకాను. నా బొమ్మలన్నీ కంప్యూటర్‌లో పుట్టి యంత్రంలో తెల్లారిపోతాయి. ఒక్కసారి చేత్తో నాడె విసరాలని, కాళ్ల కింద మగ్గం కదిలితే ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

పొద్దున్నే సంచీ సర్దుకున్నాను. గదిలో ఏసీ చలికి ఆమె ముడుచుకొని పడుకొని ఉంది. ఎక్కడికి వెళ్లినా నాతో ఒక సోలాపూర్ చద్దర్ ఉంటుంది. దాన్ని తీసి ఆమె మీద కప్పాను. ఉంచుకోమనే కప్పాను. ఆమె కళ్లు తెరిచింది.

"ఐ గో అండ్ కమ్," అన్నాను.

"కమ్? ఇక్కడికే?" అంది ఆమె.

వస్తావా అని ఒక మనిషి అడిగితే రానని ఎలా అంటాం? గడప దగ్గర నిలబడి రాను అన్న మాట మా నాలుకల మీదికి రాదు. తల ఊపాను. ఆమె చద్దర్ గడ్డం దాకా లాక్కొని మళ్లీ నిద్రపోయింది.

ఆ సాయంత్రం హోయ్ ఆన్‌లో కొత్త హాస్టల్‌లో మంచం సర్దుకుంటుంటే హుయే నుంచి రిసెప్షన్ అమ్మాయి మెసేజ్. ‘మీరు ఏ టైముకు తిరిగి వస్తున్నారు? మీ మంచం ఇంకెవరికీ ఇవ్వనివ్వడం లేదు.’ నాకేమీ అర్థం కాక ఫోన్ చేశాను. ఆ అమ్మాయి చెప్పింది. పై గదిలోని ఇద్దరు డచ్ అమ్మాయిలు హనోయ్ వెళ్తూ, మాతో రండి, విమానం ఎక్కిస్తాం అని పోలండ్ ఆమెను బతిమాలారట. పోలండ్ నుంచి కూతురు కూడా ఫోన్‌లో వాళ్లతో వెళ్లిపొమ్మని గొడవ చేసిందట. ఈమె ససేమిరా అంది. నా ఇండియా స్నేహితురాలు వస్తానంది, చద్దర్ కూడా ఇక్కడే పెట్టి వెళ్లింది, ఆమె వచ్చాకే కదులుతానంది. డచ్ అమ్మాయిలు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆమెకు తోడు ఎవరూ లేరు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. అంత పెద్ద మనిషి, ఒక్క మాట పట్టుకొని వచ్చిన సాయాన్ని కాలదన్నుకోవడమేంటి? ఊరికే అన్న మాటకు ఇంత బరువేంటి? ఆ కోపంలోనే అమ్మకు వీడియో కాల్ చేశాను, ఈ తమాషా చెప్పి ఇద్దరం నవ్వుకుందామని.

అమ్మావాళ్లు సోలాపూర్ పక్కన కుంభారిలో కార్మికులకు కట్టిన కొత్త కాలనీలో ఉంటున్నారు. నేనూ అక్కడే. అమ్మ గుమ్మం దగ్గర వెలుతురుకు కూర్చొని ఆకు కత్తిరిస్తోంది. నేను చెప్పిందంతా విన్నది. నవ్వలేదు.

"పోయొస్త అన్నవా?"

"అన్న. గని మాటవరసకన్న అమ్మా. మనం అందరికి గట్లనే అంటం గద."

"అందరికంటం. వస్తం గూడ."

"ఎవ్వతో ఏమో అమ్మా, నాలుగు దినాల సోపతి!"

"తలకు నూనె పెట్టినవ్. ఇగ ఎవ్వతో ఏమో ఏంది?"

"తిరిగి పోతే రేపు మగ్గం చూసుడుండది. ఆ ముసలామె ఇంకో దినం ఖాళీ లేదన్నది. దానికోసమే ఇంత దూరం వచ్చిన."

అమ్మ కత్తెర కింద పెట్టింది. "మగ్గం నీ కోసం కూసోలే. ఆమె కూసున్నది. చద్దర్ ఆడ, నువ్వీడ. ఎవ్వరైన ఏమనుకుంటరు?"

అమ్మే మళ్లీ అంది. "ఖరంచ్ చెప్తున్న బిడ్డా. నువ్వు పోకపోతే, ఇగ నాకు గూడ పోయొస్త అని చెప్పకు. నేను నమ్మ."

అరవలేదు, తిట్టలేదు. నిజంగా చెబుతున్నానంటూ మళ్లీ కత్తెర తీసుకుంది. అత్త అడిగినప్పుడు అమ్మ తల ఎత్తకుండా చెప్పిన జవాబు గుర్తొచ్చింది. నేను దేశం కాని దేశంలో తిరుగుతుంటే ఆమె కంటి మీద కునుకు పడుతున్నది ఆ ఒక్క మాట మీద. దాన్నే నేను మాటవరసకు అంటున్నానని ఆమె ముందే చెప్పి కూర్చున్నాను.

మగ్గం ఆవిడకు రాలేనని, హుయే రిసెప్షన్ అమ్మాయికి మధ్యాహ్నానికల్లా వస్తానని కబురు పెట్టాను. పొద్దున్నే డా నాంగ్ దాకా బస్సు, అక్కణ్నుంచి రైలు. కొండల పక్కన, కింద సముద్రం మెరుస్తూ, అంత అందమైన దారి నేనెక్కడా చూడలేదు. అయినా సగం దారి ఏడుపు మొహంతోనే కూర్చున్నాను. బాధ లేదంటే అబద్ధం. నా చేతికి అందిన మగ్గం అది. కిటికీలోంచి చూస్తూ అమ్మను, పోలండ్ ఆమెను, ఇంగ్లీషు భాషను వరసపెట్టి తిట్టుకున్నాను. కొండలు దాటాక ఆకలేసింది. ఉడికించిన వేరుశనగలు కొనుక్కొని తిన్నాక కొంచెం స్థిమితపడ్డాను.

హాస్టల్‌లో అడుగు పెట్టేసరికి ఆమె ముందు గదిలోనే ఉంది. కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద, ఒళ్లో నా చద్దర్. టేబుల్ మీద రెండు గిన్నెల్లో నూడుల్స్. ఒకటి ఖాళీ, ఇంకోదాని మీద పళ్లెం మూత. గడియారం వైపు చూసి, "లేట్," అంది. ట్రామ్ నడిపిన మనిషి కదా.

నాకు ఆగని నవ్వు వచ్చింది. ఆ చల్లారిన నూడుల్స్ తింటూ ఆమెకు నిజం చెప్పేశాను. అది మా భాషలో వెళ్లేటప్పుడు అనే మాట అనీ, అందరికీ అంటామనీ, నిన్న రానని తెలిసే అన్నాననీ. ఆమె మొహం ఎర్రబడింది. చాలాసేపు చద్దర్ మీది పువ్వులను వేలితో గీస్తూ కూర్చుంది.

"అయితే నువ్వు రావాల్సింది కాదు," అంది చివరికి.

"రావాల్సిందే. మా అమ్మ చెప్పింది."

"మీరు అనే ఆ అసలు మాటేంటి? మీ భాషలో చెప్పు."

చెప్పాను. ఆమె నోట్లో ‘పోయొస్త’ కాసేపు అటూ ఇటూ దొర్లి, ‘పోయోస్తా’ అయి బయటికొచ్చింది. అదే చాలన్నాను.

నా దగ్గర మిగిలిన సెలవంతా ఆమెతోనే గడిచింది. ఇద్దరం హనోయ్‌కు రైల్లో వెళ్లాం. కింది బెర్తు ఆమెకు, ఆమె కాలికి నా సంచీ. ఆమె రైలు డ్రైవర్ బ్రేకులు వేసే తీరుకు వంకలు పెడుతూనే ఉంది. మధ్యలో మా ఇంటి అడ్రసూ నా ఫోన్ నంబరూ అడిగి రాసుకుంది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తెచ్చారు. చద్దర్ ఇవ్వబోయింది. ఉంచుకోమన్నాను. కాసేపు ఆలోచించి ఒళ్లో పెట్టుకుంది.

కుర్చీ కదులుతుంటే ఈసారి జాగ్రత్తగా, ఇంగ్లీషు వాళ్లలాగే "బై" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, వేలు అడ్డంగా ఊపి, అక్కడున్నవాళ్లంతా చూసేంత గట్టిగా "పోయోస్తా!" అంది. నేను చెయ్యి ఊపాను. పాపం, నన్ను సంతోషపెట్టడానికి మాటవరసకు అందనుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పోయేటప్పుడు ఏమన్నది?"

"పోయొస్త అన్నది."

"మరి వస్తది," అని అమ్మ లేచి వెళ్లిపోయింది. అంతటితో ఆగలేదు. నాయిన తెచ్చిన కొత్త చద్దర్లలో ఒకటి మడిచి పెట్టె మీద పెట్టి, ఎవరూ ముట్టొద్దంది. చలికాలంలో నేను తీసుకోబోతే చేతి మీద ఒకటి వేసింది. "ట్రామక్కది," అంది. చూడని మనిషికి పేరు కూడా పెట్టేసింది. అత్తావాళ్లు మా కాలనీకి వచ్చినప్పుడల్లా అదొక వేళాకోళం. వదినా, పోలండ్ నుంచి చుట్టాలు దిగిండ్రా అని అడిగేవాళ్లు. అమ్మకు ఏమీ పట్టేది కాదు. నేనే ఇబ్బంది పడి, అది మర్యాదకు అన్న మాట అని అందరికీ సర్దిచెప్పేదాన్ని.

మొన్న ఆఫీసులో ఒక నెమలి తోక సరిచేస్తుంటే ఫోన్ మోగింది. ఒక ఫొటో. తెరిచిన పెట్టెలో మడతపెట్టిన నా చద్దర్. కింద నాలుగు మాటలు: ‘సోలాపూర్ స్టేషన్ నుంచి కుంభారికి బస్సు ఉందా? బస్సులోనే వస్తాను.’

నెమలిని అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. అమ్మకు చూపించాను. ఆమె పెద్ద ఆశ్చర్యపోలేదు. "బస్సున్నదని చెప్పు. గని కాలు మంచిగైందో లేదో అడుగు. కాకుంటే నువ్వు బండి తీస్కొని పో," అంది. తర్వాత పెట్టె మీది చద్దర్ తీసి, దులిపి, ఎండలో వేసింది.

కాలు ఇంకా కొంచెం లాగుతోందంది, అందుకే ఆమె రైలు వచ్చే రోజు స్టేషన్‌కు స్కూటీ తీశాను. ఆలస్యమవుతోంది, ఆమెకు ఆలస్యం అంటే పడదు. తాళం చెవి తిప్పుతూ, "అమ్మా, పోత," అని అరిచాను.

"ఆగు!" లోపలి నుంచి గొంతు. "ఇట్ల రా."

"బండొచ్చే టైమైంది అమ్మా!"

"ఏం గాదు. ఆ పోలండామెకు వచ్చింది, నీకు రాకపాయెనా?"

స్కూటీ ఆపి లోపలికి వెళ్లాను. కూర్చొని, ఒక గుక్క నీళ్లు తాగి, సరిగ్గా చెప్పి బయల్దేరాను.